ఐసు పెట్టెలో రక్తం

"అదీ నేనూ ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చేం. ఒకే దోమలు కుట్టేయి. దానికి రాలేదు, నాకెందుకొచ్చిందో సెప్పండి. అది సెప్తే రక్తం ఎంత కావాలంటే అంత తీసుకోండి."

ఈ మాట నాతో అన్నది చేపలమ్ముకునే ఒకావిడ. రాజోలు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే మత్స్యకారుల ఊళ్ళో, చర్చి పక్కనున్న హాలు అరుగు మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఎడమ కాలు మోకాలి కింద నుంచి బోదకాలు. దాన్ని అరుగు మీద బారజాపి, గడ్డంతో ఎదురింటి వైపు చూపించింది. ఆ ఇంట్లో ఉండేది ఆవిడ తోడికోడలు. నేను తలతిప్పి చూసేసరికి అక్కడ ఎవరో తలుపు ధడాలున వేశారు.

నేను అప్పుడు రాజమండ్రిలో పరిశోధక విద్యార్థిని. ధవళేశ్వరంలో మా ఇంటి నుంచి రోజూ కాలేజీకి వెళ్ళి వచ్చేదాన్ని. విచిత్రం ఏమిటంటే, ఆవిడ అడిగిన ప్రశ్నే మా ప్రాజెక్టు. ఒకే ఊళ్ళో, ఒకే దోమల మధ్య బతికిన వాళ్ళలో బోదకాలు తెచ్చే పురుగు చాలామంది ఒంట్లోకి చేరుతుంది. కాలు మాత్రం కొందరికే వాస్తుంది. ఎందుకు?

మన ఒంట్లో ప్రతి కణంలోనూ దాదాపు అవే జన్యువులు ఉంటాయి, కానీ అన్నీ ఒకేసారి పనిచెయ్యవు. కొన్ని చురుగ్గా ఉంటాయి, కొన్ని మందకొడిగా నడుస్తాయి, కొన్ని ఊరుకుంటాయి. జబ్బు చేస్తే ఈ తీరు మారుతుంది. రక్తంలోంచి తెల్లకణాలు తీసి, వేల జన్యువుల్లో ఏది ఎంత పనిచేస్తోందో ఒక్కసారే కొలిచే పద్ధతి ఉంది. కాలు వాచినవాళ్ళదీ వాయనివాళ్ళదీ అలా కొలిచి పోల్చి చూస్తే, తేడా ఎక్కడుందో బయటపడుతుందని మా ఆశ.

ఇదంతా ఆవిడకి నాకు చేతనైనంత సులువుగా చెప్పాను. విన్నది. విని, "అయితే ఇవాళ కాదండి డాక్టరమ్మగారూ. ఇవాళ సేపలు పాడైపోతాయి" అని గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. నేను డాక్టర్ని కాదండీ అని వెనకనుంచి అరిచాను. ఆ మాట ఆ ఊళ్ళో ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ రక్తాల సేకరణ తలుచుకుంటే ఇప్పటికీ నాకు తలనొప్పి వస్తుంది. మేం కొలిచేది ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థాన్ని. దానంత సుకుమారమైన వస్తువు ఇంకోటి లేదు. చెమట వేలు తగిలితే పాడైపోతుంది, ఎండ తగిలితే పాడైపోతుంది, ఆలస్యమైతే పాడైపోతుంది. అలాంటిదాన్ని మే నెల ఎండలో, కోనసీమ చివరి నుంచి రాజమండ్రికి, అద్దె వ్యానులో, ఐసు పెట్టెలో పెట్టి తేవాలి. బయల్దేరిన ప్రతిసారీ ఏదో ఒకటి. రావులపాలెం దగ్గర లారీ అడ్డం తిరిగి ఉండేది. లేదా వ్యాను డ్రైవరు అరటిగెలలు చవగ్గా ఉన్నాయని బేరానికి దిగేవాడు. రక్తం పాడైపోతోంది మొర్రో అంటే, "ఐసుందిగా మేడమ్" అనేవాడు. తీరా ల్యాబుకి చేరేసరికి కరెంటు ఉండేది కాదు. జనరేటరు గది తాళం ఉన్నాయన భోజనానికి వెళ్ళి ఉండేవాడు.

ఊళ్ళో జనం మాత్రం నన్ను చూస్తే మందులిస్తానని ఆశపడేవారు. మందు లేదంటే ముఖాలు వాడిపోయేవి. నాకు చేతనైంది ఒక్కటే. రోజూ సబ్బుతో కాలు శుభ్రంగా కడుక్కోవాలని, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకోవాలని, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలని చెప్పేదాన్ని. అలా చేస్తే గజ్జల్లో బిళ్ళ కట్టి వచ్చే చలిజ్వరాలు తగ్గుతాయి. అది నా పరిశోధనలో భాగం కాదు. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చెప్పే సంగతే. అయినా వట్టి చేతులతో వెళ్ళి రక్తం లాక్కుని రావడం నాకు మనస్కరించేది కాదు.

జబ్బు లేనివాళ్ళ రక్తం దగ్గరే అసలు పేచీ వచ్చింది. వాళ్ళని కూడా అదే ఊళ్ళో నుంచి తీసుకుందాం అన్నాను. మా గైడు గారు ఒప్పుకోలేదు.

"మన కాలేజీలోనే బోలెడుమంది స్టాఫ్ ఉన్నారు కదమ్మా. ఆ వయసువాళ్ళే. పక్క గదిలో రక్తం తీస్తే ఇక్కడే ప్రాసెస్ చెయ్యొచ్చు. దానికి కూడా అంత దూరం పరిగెత్తడం ఎందుకు?"

"కానీ సార్, రెండు గుంపులకీ తేడా జబ్బు ఒక్కటే ఉండాలి కదండీ."

"వయసు సరిపోయింది, ఆడా మగా సరిపోయింది. ఇంకేం కావాలి? ప్రతిదానికీ ఒక కానీ పెడతావు నువ్వు."

చివరికి స్టాఫ్ రక్తమే తీశాం. ఆయన చెడ్డవారు కాదు. పై నుంచి ఆయన మీద ఒత్తిడి ఉండేది, ఆయన దాన్ని నా మీదకి దింపేవారు. నేను దింపడానికి నా కింద ఎవరూ లేరు. కాబట్టి ఇంటికెళ్ళి అన్నం దగ్గర అమ్మ మీద విసుక్కునేదాన్ని.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్న, ల్యాబు గుమ్మంలో ఆ చేపలావిడ ప్రత్యక్షమైంది. కళ్ళు చూపించుకోవడానికి రాజమండ్రి వచ్చిందట. మా కాలేజీ ఎక్కడని ఆటోవాళ్ళని అడుగుతూ వచ్చేసింది.

"ఆయ్, ఇంత దూరమా అండీ మీ కాలేజీ! ఎండలో సంపేత్తారా ఏంటి? కానివ్వండి, తొందరగా తీసెయ్యండి. మాట ఇచ్చేను కదా."

మా ప్రాజెక్టు నర్సు గారు అప్పటికప్పుడే రక్తం తీశారు. వెంటనే తెల్లకణాలు వేరుచేసి, గడ్డకట్టించే ఫ్రీజరులో పెట్టేశాను. రోగుల శాంపిళ్ళలో నా చేతిమీదుగా అంత సాఫీగా జరిగింది అదొక్కటే. ఆవిడకి టీ ఇప్పించాను. తాగుతూ ల్యాబంతా కలియజూసి, "ఇన్ని మిషన్లున్నాయి కదా, ఇంకా తెలీలేదా?" అంది.

వర్షాలు పడ్డాక శాంపిళ్ళన్నీ హైదరాబాదు పంపాం. కొన్నాళ్ళకి లెక్కలు కంప్యూటర్లోకి వచ్చాయి. వాటిని బొమ్మగా గీస్తే ఒక్కో మనిషీ ఒక్కో చుక్క అవుతాడు. ఒంట్లో జన్యువుల తీరు దగ్గరగా ఉన్నవాళ్ళ చుక్కలు దగ్గరగా పడతాయి. రోగులకి ఎరుపు, మిగతావాళ్ళకి నీలం పెట్టాను. బొమ్మ తెర మీదకి వచ్చింది. ఎరుపు చుక్కలన్నీ కుడిపక్క, నీలం చుక్కలన్నీ ఎడమపక్క. మధ్యలో మైదానంలాంటి ఖాళీ. పైగా రోగుల్లో హెచ్చిన జన్యువుల్లో చాలావరకు వాపుకీ మంటకీ సంబంధించినవే. మేం ఏం ఊహించామో అచ్చం అదే.

గైడు గారు నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ల్యాబుకంతటికీ పూతరేకులు తెప్పించారు. ఆ మర్నాడే ఒక సదస్సుకి అబ్‌స్ట్రాక్టు, అంటే సంక్షిప్త వ్యాసం, పంపేశారు.

అయితే ఆ బొమ్మలో ఒక్క ఎరుపు చుక్క, దారితప్పినట్టు, నీలం చుక్కల మధ్యకి వెళ్ళి కూర్చుంది.

"దాన్ని తీసెయ్" అన్నారు గైడు గారు. "ప్రతి డేటాలోనూ ఒకటి అలా ఉంటుంది. ట్యూబులు మారిపోయి ఉంటాయి."

నంబరు చూశాను. అది చేపలావిడది. ట్యూబు మారే అవకాశమే లేదు, ఆ రోజు ల్యాబులో ఇంకో రక్తమే లేదు. ఆవిడ కాలు నేను కళ్ళారా చూశాను. మా రోగులందరిలోకీ పెద్ద వాపు ఆవిడదే. ఆవిడే ఆరోగ్యవంతుల మధ్య ఎందుకు కూర్చుంది?

మనసొప్పక తీసెయ్యలేదు. నాలుగు రోజులు అదే బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను. అన్నం తింటున్నా అదే ధ్యాస. ఆవిడకీ మిగతా రోగులకీ ఏమిటి తేడా? వయసా, బరువా, వాడే మందులా అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. చివరికి ఒక సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో బస్సు ఆగిపోయి, అందరం చెమటలు కక్కుతూ కూర్చుని ఉండగా తట్టింది. మిగతా రోగుల రక్తమంతా ఇలాగే రోడ్ల మీద గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చింది. ఆవిడ రక్తం ప్రయాణం చెయ్యలేదు. కాలేజీ స్టాఫ్ రక్తం కూడా చెయ్యలేదు.

ఒంట్లోంచి బయటికి వచ్చిన రక్తం చచ్చిపోయి ఊరుకోదు. ట్యూబులో ఉన్నా తెల్లకణాలు బతికే ఉంటాయి. ఊపిరాడక, చలికి, కుదుపులకి కంగారుపడతాయి. ఆ కంగారులో వాపుకీ మంటకీ సంబంధించిన జన్యువులు లేస్తాయి. మేం కొలిచింది బోదకాలుని కాదేమో, రావులపాలెం ట్రాఫిక్కునేమో అన్న అనుమానంతో నాకు ఆ బస్సులోనే ఒళ్ళు మండిపోయింది.

అనుమానం తీర్చుకోవాలి. నర్సు గారితో నా రక్తమే తీయించుకున్నాను. సగం వెంటనే ప్రాసెస్ చేసి ఫ్రీజరులో పెట్టాను. మిగతా సగం ఐసు పెట్టెలో పెట్టుకుని, రావులపాలెం వెళ్ళి మళ్ళీ అదే బస్సులో వెనక్కి వచ్చేద్దామని బయల్దేరాను. కండక్టరు పెట్టె వంక చూశాడు.

"ఏంటండీ అందులో? రొయ్యలా? నీళ్ళు కారితే ఊరుకోనండి."

"రొయ్యలు కాదండి. రక్తం."

"అయ్యయ్యో! ఎవరికండీ? సీరియస్సా?"

"ఎవరికీ కాదండి. నాదే."

ఆయన టికెట్టు చింపడం మానేసి నా ముఖం కేసి చూశాడు. తిరుగు ప్రయాణంలోనూ ఆయనే. "తీసుకోలేదాండీ ఎవరూ?" అని జాలిగా అడిగాడు.

రోగుల్లో హెచ్చిన జన్యువుల జాబితాలో బాగా పైన ఉన్న కొన్నింటిని మా ల్యాబులోని మిషను మీదే కొలిచాను. వెంటనే ప్రాసెస్ చేసిన రక్తంలో నేను ఆరోగ్యంగా ఉన్నాను. బస్సెక్కి తిరిగొచ్చిన రక్తంలో నాకు బోదకాలు వచ్చేసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎండలో తిరిగిన తిరుగుడు, ఊళ్ళోవాళ్ళ చేతులకి పొడిచిన సూదులు, పోయిన ఏడాదిన్నర, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చేతికందిన ఫైలు తీసి బల్ల మీద గట్టిగా కొట్టాను. పక్క ల్యాబువాళ్ళు తొంగిచూశారు.

గైడు గారికి చెప్పడం ఇంకో ఎత్తు. వినగానే ముఖం ఎర్రబడింది.

"ఒక్క మనిషి రక్తంతో మొత్తం ప్రాజెక్టు తప్పంటావా? అదీ నీ రక్తంతో?"

"అందుకేనండీ ఇంకొందరివి చూద్దామంటున్నాను."

"ఐసులోనే కదా తెచ్చాం!"

"ఐసులో తెచ్చినా లేస్తున్నాయి సార్."

"అబ్‌స్ట్రాక్టు వెళ్ళిపోయిందమ్మా. తెలుసా నీకు?"

వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ వారంలో ఈ చదువు మానేసి ఎక్కడైనా స్కూల్లో సైన్సు టీచరుగా చేరిపోదామని గట్టిగానే అనుకున్నాను. తరవాత ఒకరోజు ఆయనే వచ్చి, కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"నాది తీసి చూడు. నాక్కూడా వస్తే ఒప్పుకుంటాను."

ఆయనకీ వచ్చింది. కాగితం రెండుసార్లు చదివారు. తరవాత నెమ్మదిగా, "అబ్‌స్ట్రాక్టు వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్ పెట్టు. నా పేరు మీదే పెట్టు" అన్నారు. ఆ ఒక్క మాట వల్లే ఆయన మీద నాకు గౌరవం పూర్తిగా పోలేదు.

మళ్ళీ మొదటి నుంచి. ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్ళీ, నిధులకి బతిమాలుకోవడం మళ్ళీ. ఈసారి పద్ధతి మార్చాం. రక్తం తీసిన చోటే, తీసిన నిమిషంలోనే, కణాలని ఎక్కడివక్కడ ఆపేసే రసాయనంలో కలిపెయ్యాలి. ఇక ఎంతసేపు ప్రయాణం చేసినా భయం లేదు. రెండోది, ప్రతి రోగికీ జతగా అదే ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న, కాలు వాయని మనిషి కావాలి. ఇద్దరికీ ఒకే పూట, ఒకే చోట, ఒకే చేత్తో తీయాలి.

చేపలావిడకి జత ఎవరో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆవిడా తోడికోడలూ మాట్లాడుకోరు. రెండిళ్ళ మధ్య ఉన్న జాగాలో ఎండుచేపలు ఎవరు ఆరబెట్టుకోవాలన్న దగ్గర ఎప్పుడో చెడిందట.

ముందు చేపలావిడ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆవిణ్ణి పిన్నీ అని పిలవడం అలవాటైపోయింది.

"మళ్ళీనా?" అంది చేపల పొలుసు తీస్తూ. "మొన్నిచ్చిన రక్తం ఏం సేసేరు?"

"మీది బాగానే వచ్చింది పిన్నీ. మిగతావాళ్ళవే పాడయ్యాయి."

"మరి నాదెందుకు మళ్ళీ?"

ఇది న్యాయమైన ప్రశ్నే. అందరికీ ఒకే రకంగా తీయాలని చెప్పాను. ఆవిడ నా కేసి, చెప్పిన పని ఎప్పుడూ సరిగ్గా చెయ్యని పిల్లని చూసినట్టు చూసింది. సరే అంది.

తోడికోడలు మాత్రం గుమ్మం దాటనివ్వలేదు. "నాకేం రోగం లేదండి. నాకు సూది ఏత్తే, దీనికీ వచ్చేసింది కాబోలని ఊరంతా అనుకోదా? మా అమ్మాయికి సమ్మందాలు సూత్తన్నాం."

"రోగం లేదనే కదండీ మీ రక్తం అడుగుతోంది."

"లేనిదానికి తీయడమెందుకండి మరి?"

ఎంత చెప్పినా ఇక్కడే తిరిగి వచ్చేది మాట. మూడో రాకలో కూడా ఇదే వాదన జరుగుతుంటే, ఎదురింటి అరుగు మీద నుంచి చేపలావిడ ఓపిక నశించి పెద్ద గొంతుతో అంది.

"కాస్తంత రక్తం ఇత్తే నీ ఒంట్లో బంగారం కారిపోద్దా ఏంటే? ఆ పిల్ల ఎండలో ఎన్నిసార్లు తిరగాలి?"

"నువ్వు మాటాడకు! నీతో ఎవరు మాటాడేరు?"

"సూదంటే బయం అని సెప్పు, ఒగ్గేత్తారు!"

"ఎవరికే బయం?"

అంతే. ఎప్పటి నుంచో ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారి వీధిలోకి వచ్చి పడ్డాయి. ఎండుచేపలు, పెళ్ళిలో పెట్టిన చీర, మామగారి వల ఎవరికి దక్కింది, అన్నీ వచ్చాయి. ఊళ్ళోవాళ్ళు పోగయ్యారు. నేను మధ్యలో ట్యూబుల సంచీ పట్టుకుని నిలబడి, ఆపండమ్మా ఆపండి అంటున్నాను, ఎవరికీ వినపడటం లేదు. చివరికి తోడికోడలు కొంగు బిగించి, "పదండి. ఎక్కడో సెప్పండి. తీసుకోండి" అంటూ నాకంటే ముందు హాల్లోకి నడిచింది.

కోపంలో ఒప్పుకున్నది ఒప్పుకోవడం కాదు. ఆవిణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ మొత్తం చెప్పాను. ఇష్టం లేకపోతే వెళ్ళిపోవచ్చన్నాను. ఊళ్ళో ఎవరైనా అడిగితే, జబ్బు లేదు కాబట్టే పిలిచామని నేనే చెబుతానన్నాను. ఆవిడ కోపం దిగి, కాసేపు ఆలోచించి, "ఆ మాట కాస్త పెద్దగా సెప్పండి, బైట ఉన్నారు అందరూ" అంది. గుమ్మంలోకి వెళ్ళి పెద్దగా చెప్పాను.

ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు, ముఖాలు చెరో వైపు తిప్పుకుని. తోడికోడలిది ఇట్టే అయిపోయింది. చేపలావిడకి నరం దొరకలేదు. నర్సు గారు ఒకసారి పొడిచారు, రాలేదు. రెండోసారి ప్రయత్నిస్తుంటే ఆవిడ పెదవి బిగబట్టింది. అప్పుడు పక్క కుర్చీలోంచి తోడికోడలు, ముఖం ఇటు తిప్పకుండానే, "ఎడం సెయ్యి సూడండమ్మా. కుడి సేతికి దొరకదు దానికి. రెండో పురుడప్పుడు కూడా ఇలాగే పొడిసి పొడిసి సంపేరు. నేనే పక్కనున్నాను" అంది.

ఎడమ చేతికి వెంటనే వచ్చింది. వాళ్ళిద్దరూ ఆ తరవాత కలిసిపోయారని చెప్పలేను. హాల్లోంచి వేరు వేరుగానే వెళ్ళారు.

ఈసారి లెక్కలు రావడానికి చాలా కాలం పట్టింది. బొమ్మ గీస్తే ఎరుపూ నీలం కలగాపులగంగా ఉన్నాయి. ఆ మైదానం లేదు, ఆ రెండు గుంపులూ లేవు. మొదటిసారి కొండలా కనిపించిన తేడా దాదాపు మొత్తం మాయమైపోయింది. జతలు జతలుగా పోల్చి చూస్తే మాత్రం కొన్నే కొన్ని జన్యువులు మిగిలాయి. చర్మం కింద నీరు తోడే సన్నటి నాళాలు పెరగడానికి సంబంధించినవి అందులో ఉన్నాయి. ఆసక్తికరమైనవే. కానీ ఇదీ కారణం అని బల్లగుద్ది చెప్పేంత బలం వాటికి లేదు. ఇంకా ఎక్కువ మందిలో చూడాలి. చిన్న పత్రికలో చిన్న వ్యాసం వచ్చింది. అందులో సగం, రక్తాన్ని ఎలా తేకూడదో చెప్పడానికే సరిపోయింది.

గైడు గారు ఆ తరవాత ఒక సెమినారులో మాట్లాడారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. రోగులనీ మిగతావాళ్ళనీ ఒకే చోట, ఒకే పూట, ఒకే పద్ధతిలో తీసుకోకపోతే వచ్చేదంతా చెత్తేనని గట్టిగా చెప్పి, "ఇది మొదటి నుంచీ మా విద్యార్థులకి నేను చెబుతున్న మాట" అన్నారు. పక్కనున్న స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, లేచి ఏమైనా అంటానేమోనని. బయటికొచ్చి రెండు టీలు తాగాను.

ఫలితం ఊళ్ళోవాళ్ళకి చెప్పాలన్నది నా పట్టు. ప్రాజెక్టు అయిపోయింది, వ్యాను లేదు. బస్సు మీదే వెళ్ళాను. చేపలావిడ ఇంటి ముందు బకెట్టు దగ్గర కూర్చుని కాలు కడుక్కుంటోంది. సబ్బు పక్కనే ఉంది. ఆ ఏడాది వానల్లో బిళ్ళ కట్టలేదని, ఒక్కసారే జ్వరం వచ్చిందని చెప్పింది. నేను జరిగిందంతా చెప్పాను. మొదట తెలిసిందనుకున్నది తప్పని, ఇప్పుడు కొంచెం తెలిసిందని, పూర్తిగా తెలియలేదని.

"అంటే నాకెందుకొచ్చిందో ఇంకా తెలీదన్నమాట."

"తెలీదు పిన్నీ."

"ఇన్ని రక్తాలు తీసేరు!"

"తీశాం."

ఆవిడ కాలు తుడుచుకుంది. వేళ్ళ సందులు కూడా జాగ్రత్తగా తుడిచింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది.

"అది పోనివ్వండి. నా మనవరాలికి వత్తాదా?"

స్కూలు బట్టల్లో ఉన్న ఒక పిల్ల గుమ్మంలో కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. నేను ఆ పిల్ల కేసీ ఆవిడ కేసీ చూశాను.

"ఏడాదికోసారి ఇంటికొచ్చి బోదకాలు మాత్రలిస్తారు కదా. ఆ పిల్ల మింగుతోందా?"

"లేదండి. అవి మింగితే కళ్ళు తిరుగుతాయని తీసుకుని దాసేత్తాను. పిల్లకి తంటా ఎందుకని. అయినా నా రక్తంలోదే దానికీ ఉంటాది కదా, మాత్రలేం సేత్తాయిలే అని."

ఇన్నేళ్ళుగా ఈ మనిషి దగ్గరికి వస్తున్నాను. ఈ మనిషి నన్ను అడుగుతున్నది తన కాలు గురించని అనుకుంటున్నాను.

"ఈ మాట నన్ను ముందే అడగొచ్చు కదా పిన్నీ!"

"అడగనిచ్చేరా మీరు? వచ్చిన ప్రతిసారీ సెయ్యి సాపమంటారు."

కూర్చున్నాను. నాకు తెలిసిందంతా చెప్పాను. అది తల్లి నుంచి పిల్లకి రక్తంలో వచ్చే జబ్బు కాదని, దోమ తెచ్చే పురుగని, ఊరంతా ఏటా మాత్రలు మింగితే పిల్లల కాళ్ళు నిలబడతాయని చెప్పాను. అన్నం తిన్నాకే వేసుకోమని, కళ్ళు తిరిగితే కాసేపు పడుకోమని అన్నాను. దీనికి నా జన్యువులూ, నా చుక్కల బొమ్మలూ ఏమీ అక్కర్లేదు. ఎవరైనా ఒక పూట కూర్చుని చెబితే సరిపోయేది. ఆవిడ మధ్యమధ్య ప్రశ్నలు వేస్తూ అంతా వింది. ఎదురింటి అరుగు మీదకి తోడికోడలు కూడా వచ్చి, పని ఉన్నట్టు బియ్యం చేట పట్టుకుని నిలబడింది. నేను గొంతు కాస్త పెంచాను.

మాత్రలిచ్చేవాళ్ళు ఆ ఊరు వచ్చిన రోజు మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. అప్పటికి నేను తణుకులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. క్లాసు మధ్యలో తీశాను.

"మీరు సెప్పేరని మింగించేను. కళ్ళు తిరుగుతున్నాయంటంది. ఏంటండీ ఇది?" అని గట్టిగా అరుస్తోంది.

"అన్నం పెట్టారా?"

"పెట్టేను."

"పడుకోబెట్టండి పిన్నీ. సాయంత్రానికి తగ్గుతుంది. తగ్గకపోతే ఆరోగ్య కేంద్రంలో చూపించండి. నాకు ఫోను చెయ్యండి."

"సేత్తాను. తగ్గకపోతే మీ సంగతి సెప్తాను."

సాయంత్రం వరకూ నాకు కాలు నిలవలేదు. ఫోను రాలేదు. నేనే చేశాను. వెనక పిల్లలు ఆడుకుంటున్న గోల వినపడుతోంది. "ఏం రోగం? సముద్రం కాడ గెంతుతోంది" అంది ఆవిడ, అదేదో నా తప్పయినట్టు. పెట్టేసింది.